మూడోసారికి విరగలేదు: ఇంట్లో పింక్ సాస్ పాస్తా, నా అనుభవం

డిసెంబరు 14, ఆదివారం మా పాప పుట్టినరోజు. పన్నెండు నిండాయి. ఆ రోజు దాని స్నేహితురాళ్ళకి పెట్టడానికి టమాటా, క్రీమ్ కలిపి చేసే పాస్తా సాస్ నేర్చుకున్నాను. పిల్లలు దాన్ని పింక్ సాస్ అంటారు. నేర్చుకోవడానికి పదిహేను రోజులు పట్టింది. రెండుసార్లు పూర్తిగా పాడైంది, మూడోసారి కుదిరింది. మొదటిసారి చేసేవాళ్ళకి ఎక్కడ దెబ్బ తగులుతుందో తెలియాలని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మావారికి బదిలీ అయి జూన్‌లో విజయనగరం నుంచి విశాఖపట్నం వచ్చాం. పాపకి కొత్త స్కూలు. దసరా సెలవులు వచ్చేదాకా ఒక్క స్నేహితురాలి పేరు కూడా దాని నోట వినలేదు. మధ్యాహ్నం బాక్సు ఒక్కదాన్నే తింటానని ఒకరోజు జడ వేయించుకుంటూ మామూలుగా చెప్పింది. అంత మామూలుగా చెప్పడమే నాకు గుచ్చుకుంది. నవంబరులో క్లాసులో ఒకమ్మాయి తన పుట్టినరోజుకి దీన్ని కూడా పిలిచింది. రెస్టారెంట్లో పార్టీ. తిరిగొచ్చాక రాత్రి పదింటిదాకా నిద్రపోకుండా ఆ పాస్తా గురించే చెప్పింది. "నా పుట్టినరోజుకి వాళ్ళని మనింటికి పిలుస్తానమ్మా, నువ్వు అది చేస్తావా?" అంది. చేస్తానని మాటిచ్చాను. అప్పటికి నేను పాస్తా అంటే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, గరం మసాలా వేసి ఉప్మాలా చేయడమే తెలిసినదాన్ని.

అదే రెస్టారెంట్‌కి తీసుకెళ్తే ఎంతవుతుందో ముందు లెక్క వేశాను. ప్లేటు 340. మా పాపతో కలిపి తొమ్మిది మంది పిల్లలు. 3060, పైన 5 శాతం జీఎస్టీ కలిపి 3213. కేకు, కూల్‌డ్రింకులు వేరే. పైగా పాప అడిగింది రెస్టారెంట్ కాదు, మన ఇల్లు.

నవంబరు 29, శనివారం

ఎంవీపీ కాలనీ రైతు బజారుకి వెళ్ళి కిలో టమాటాలు తెచ్చాను, 40 రూపాయలు. చారుకీ పచ్చడికీ నాటు టమాటాలే బాగుంటాయి కదా అని అవే తెచ్చాను. పాస్తా అరకిలో ప్యాకెట్ 120, ఫ్రెష్ క్రీమ్ 250 మిల్లీలీటర్లు 75, ఆలివ్ ఆయిల్ చిన్న సీసా 320, ఒరెగానో 90. మొత్తం 645.

చూసిన వీడియోలో సాస్ పది నిమిషాల్లో అయిపోయింది. నేనూ అలాగే మొదలుపెట్టాను. పచ్చి టమాటాలు మిక్సీలో వేసి తిప్పితే నురగతో లేత గులాబీ రంగు నీళ్ళలా వచ్చింది. బాండీలో నూనె పోసి పోపుకి కాచినట్టే బాగా కాచి వెల్లుల్లి వేశాను. చేయి అలవాటు అది. పది సెకన్లలో వెల్లుల్లి అంచులు నల్లబడ్డాయి. పారేయడానికి మనసొప్పక అందులోనే టమాటా పోశాను. పది నిమిషాలయ్యాక కూడా పచ్చి వాసన పోలేదు, గుజ్జు చిక్కబడలేదు. అయినా వీడియోలో చెప్పారని ఫ్రిజ్‌లోంచి తీసిన క్రీమ్ ఆ కుతకుత ఉడికేదాంట్లో ఒక్కసారే పోసేశాను.

అర నిమిషం చాలా అందంగా ఉంది. రెస్టారెంట్లో పాప చూపించిన ఫోటోలోని రంగే. తర్వాత గిన్నె అంచుల దగ్గర సన్నటి తెల్లటి పలుకులు కనిపించాయి, రవ్వలాగా. కలిపినకొద్దీ అవి మధ్యకి కూడా వచ్చాయి. కాసేపటికి పైన నారింజ రంగు నీళ్ళు, కింద పలుకులు, విరిగిన పాలు ఎలా ఉంటాయో అలా అయింది. మిగిలిన క్రీమ్ కూడా పోస్తే సర్దుకుంటుందనుకుని పోశాను. సర్దుకోలేదు, అదీ విరిగింది.

ఆ పూట నేను చేసిన ఇంకో తప్పు అప్పుడు తెలియలేదు. పాస్తా ఉడికిన నీళ్ళన్నీ సింకులో వార్చేశాను.

పాప రెండు చెంచాలు తిని "పర్లేదమ్మా, బానే ఉంది" అంది. వెల్లుల్లి చేదు నా నాలుకకే తెలుస్తోంది. కాసేపాగి, "పోనీ నూడుల్స్ చేసెయ్యమ్మా, వాళ్ళు ఏమీ అనుకోరులే" అంది. నా కోసం అది సర్దుకుపోతోందని అర్థమయ్యాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డిసెంబరు 2, మంగళవారం

కొవ్వు ఎక్కువున్న క్రీమ్ త్వరగా విరగదని చదివాను. నేను వాడిన ప్యాకెట్ మీద 25 శాతం అని ఉంది. అంతకంటే ఎక్కువ కొవ్వుండేది విప్పింగ్ క్రీమ్ అని తెలిసి, కేకుల సామాన్లు అమ్మే షాపుకి వెళ్ళాను. విప్పింగ్ క్రీమ్ అని అడిగితే ఫ్రీజర్లోంచి రాయిలా గడ్డకట్టిన లీటరు ప్యాకెట్ తీసిచ్చాడు, 230 రూపాయలు. అది కరగడానికే ఫ్రిజ్‌లో ఒక రాత్రి పట్టింది.

ఈసారి సాస్ విరగలేదు. నున్నగా, మెరుస్తూ వచ్చింది. సంతోషంగా చెంచాతో నోట్లో పెట్టుకున్నాను. తియ్యగా ఉంది. ఉప్పూ కారం కలిపిన కేకు క్రీమ్ తిన్నట్టుంది. ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివితే, అందులో పాల కొవ్వే లేదు. వనస్పతి కొవ్వు, చక్కెర. మన దగ్గర కేకుల మీద గిలక్కొట్టే క్రీమ్ చాలావరకు ఇలాంటిదే. కొనే ముందు వెనకాల రెండు మాటలు చూడండి: పాల కొవ్వు ఉందా, చక్కెర ఉందా. ముందు వైపు బొమ్మ చూసి కొంటే నాలాగే అవుతుంది. పాప ఈసారి మంచినీళ్ళు తాగి లేచి వెళ్ళిపోయింది. ఇంకో 270 పోయాయి. పుట్టినరోజుకి పన్నెండు రోజులే ఉంది. ఎనిమిది మంది పిల్లల్ని అది అప్పటికే పిలిచేసింది. నాకు నిజంగా టెన్షన్ మొదలైంది.

డిసెంబరు 4, గురువారం

మార్గశిర గురువారం. అత్తయ్యగారు తెల్లవారుజామునే బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్ళొచ్చారు. ఆ రోజు ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి ఉండవు. ఆనపకాయ మజ్జిగపులుసు చేస్తానన్నారు. నేను పక్కన నిలబడి పచ్చిమిర్చి చీరుతున్నాను.

ఆవిడ చేతులు చూస్తూ ఉండిపోయాను. పుల్లటి మజ్జిగలో రెండు చెంచాల శనగపిండి ఉండ కట్టకుండా కలిపారు. ఆనపకాయ ముక్కలు ఉడికాక మంట బాగా తగ్గించి, ఆ మజ్జిగ సన్నటి ధారగా ఎడం చేత్తో పోయడం, కుడి చేత్తో తిప్పడం. అంచుల్లో పొంగు కదలగానే స్టవ్ కట్టేశారు. గరిటె మాత్రం ఇంకో నిమిషం ఆపలేదు.

"అత్తయ్యగారూ, ఇది పులుపే కదా, ఎందుకు విరగదు?" అన్నాను.

"పిండి పట్టి ఉంచుతుంది కదమ్మా. పిండి లేకుండా మరిగించు, నీ సాస్‌లాగే అవుతుంది" అన్నారు. అని ఊరుకోలేదు. "మొన్న నువ్వు ఆ పాస్తా గంజి పారబోస్తుంటే చెబుదామనుకున్నాను. గంజి అంటే పిండే కదా."

నేను చాకు పక్కన పెట్టేశాను. పదేళ్ళుగా మజ్జిగపులుసు చేస్తున్నాను, శనగపిండి ఎందుకు వేస్తామో ఒక్కసారి ఆలోచించలేదు. తర్వాత చదివితే విషయం అదే. పాలలోని ప్రొటీన్ పులుపూ వేడీ రెండూ తగిలినప్పుడు గడ్డకట్టి పలుకులవుతుంది. పిండిపదార్థం మధ్యలో ఉంటే ఆ గడ్డకట్టడం బాగా తగ్గుతుంది. పాస్తా ఉడికేటప్పుడు దానిలోని పిండి నీళ్ళలోకి దిగుతుంది. ఇటలీలో సాస్‌లో ఆ నీళ్ళే కలుపుతారు, అప్పుడు నూనె, నీరు విడిపోకుండా సాస్ పాస్తాకి అంటుకుంటుంది. వీడియోలో అది చెప్పారు కూడా. నాకది అక్కర్లేని విషయంలా అనిపించి వదిలేశాను.

ఇంకో సంగతి కూడా ఆ రోజే తేలింది. పైన తురమడానికి పార్మేజాన్ చీజ్ కొందామనుకుంటున్నాను. ఇటలీ నుంచి వచ్చే అసలు పార్మేజాన్‌లో పాలు గడ్డకట్టించడానికి దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ వాడతారు. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. చీజ్ శాకాహారమే అనుకుని కొనేసి ఉంటే ఆవిడకి తెలియకుండా పెట్టేసేదాన్ని. మీ ఇంట్లో పట్టింపు ఉన్నవాళ్ళుంటే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి తీసుకోండి. నేను మామూలు మన చీజే తెచ్చాను.

డిసెంబరు 7, ఆదివారం

ఈసారి ఎవరి పది నిమిషాలూ నమ్మలేదు. టమాటా కూరకి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు, అదే నమ్మాను.

టమాటాలు శుక్రవారమే కొన్నాను. సగం నాటువి, సగం కోలగా ఉండే హైబ్రిడ్. నాటువాటికి రుచి, పులుపు, రసం ఎక్కువ. కోలవాటికి కండ ఎక్కువ, గింజ తక్కువ, సాస్‌కి చిక్కదనం వాటితోనే వస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టకుండా రెండు రోజులు బుట్టలో వదిలేస్తే బాగా ఎర్రబడ్డాయి. అడుగున కత్తితో అడ్డంగా, నిలువుగా గాటు పెట్టి మరిగే నీళ్ళలో నిమిషం ఉంచి, చన్నీళ్ళలో వేస్తే తొక్క చేత్తోనే ఊడివస్తుంది. కిలోకి పదిహేను నిమిషాలు పట్టింది. ఈ పని విసుగ్గా ఉంటుంది కానీ మానకండి. తొక్క ఉంటే సాస్‌లో చుట్టలు చుట్టుకుని పంటికి తగులుతుంది. మిక్సీ ముట్టుకోలేదు. చేత్తో నలిపేశాను.

నూనె చల్లగా ఉన్నప్పుడే సన్నగా తరిగిన వెల్లుల్లి వేసి, చిన్న మంట మీద పెట్టాను. పోపు అలవాటున్న చేతికి ఇది చాలా కష్టం, చప్పుడు రాకపోతే ఏదో తప్పు చేస్తున్నట్టే ఉంటుంది. రెండు నిమిషాలకి వెల్లుల్లి చుట్టూ చిన్న చిన్న బుడగలు లేచాయి. ఇంకో నిమిషానికి వంటిల్లంతా తియ్యటి వాసన. వెల్లుల్లి ఇంకా తెల్లగానే ఉంది. అప్పుడు టమాటా, ఉప్పు, అర చెంచా పంచదార, చిటికెడు ఎండుమిర్చి పలుకులు.

తర్వాత నలభై నిమిషాలు. మొదటి పదిహేను నిమిషాలు నీళ్ళే. ఇరవై దాటాక చిటపటమని ఎగరడం మొదలవుతుంది, మూత సగం వేయకపోతే గోడ మీదికీ చేతి మీదికీ చిమ్ముతుంది. నా ఎడమ మణికట్టు మీద రెండు బొబ్బలు వచ్చాయి. ముప్పై అయిదో నిమిషానికి రంగు మారి ఇటుక ఎరుపులోకి వచ్చింది. నలభైకి అంచుల్లో నూనె తేలింది. గరిటెతో అడుగున గీత గీస్తే ఆ గీత రెండు క్షణాలు నిలిచి, అప్పుడు మూసుకుంది. పచ్చి వాసన లేదు. రుచి చూస్తే పులుపు ఉంది కానీ కోసేసే పులుపు కాదు. మొదటిసారి నాకు దొరకనిది ఇదే. క్రీమ్ పోస్తే పులుపు చస్తుందనుకున్నాను. చావదు, టమాటా ఉడకాలి.

క్రీమ్ గంట ముందే బయట పెట్టాను. పాస్తా ఉడుకుతున్న నీళ్ళు ఒక గ్లాసుడు తీసి పక్కన పెట్టుకున్నాను. స్టవ్ కట్టేసి, సాస్ కుతకుత ఆగేదాకా చూసి, అందులో అర గ్లాసు గంజి కలిపాను. క్రీమ్ వేరే గిన్నెలో పోసి, అందులో వేడి సాస్ ఒక గరిటె, కలిపి ఇంకో గరిటె, అలా నాలుగు గరిటెలు. ముందు క్రీమ్‌కి వేడి, పులుపు మెల్లగా అలవాటు చేసి, ఆ తర్వాత అదంతా బాండీలో పోశాను. చివర చిన్న వెన్న ముక్క.

గిన్నె అంచులకేసి అలాగే చూస్తూ నిలబడ్డాను. నిమిషం. రెండు నిమిషాలు. పలుకు లేదు. అత్తయ్యగారు వెనక నుంచి వంగి చూసి, "విరగలేదమ్మాయ్" అన్నారు. పాపని కేకేశాను. అది నిలబడే ఒక ప్లేటు తినేసి, "వాళ్ళది ఇంత టమాటా టమాటాగా లేదమ్మా, ఇదే బావుంది" అంది. ఆ పూట నాకు అన్నం తినబుద్ధి కాలేదు, కడుపు నిండిపోయింది.

ఈసారి ఖర్చు 295. అక్కడికి నేర్చుకోవడానికి మొత్తం 1210.

డిసెంబరు 13, 14

అరకిలో లోపు చేయడం వేరు, కిలో పాస్తా చేయడం వేరు. ఎనిమిది మంది పిల్లలు, పాప, మేము ముగ్గురం, మొత్తం పన్నెండు మంది. మనిషికి 80 గ్రాముల చొప్పున లెక్కేసుకుంటే దాదాపు కిలో. టమాటాలు రెండున్నర కిలోలు. శనివారం సాయంత్రం నాలుగింటికి తొక్కలు తీయడం మొదలుపెడితే సాస్ దింపేసరికి ఆరున్నర. టమాటా రెండున్నర రెట్లయితే ఉడికే సమయం కూడా పెరుగుతుంది, నాకు గంటా పది నిమిషాలు పట్టింది. వెడల్పు బాండీ ఉంటే తొందరగా దగ్గరపడుతుంది. క్రీమ్ కలపకుండా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాను. క్రీమ్ కలిపింది మళ్ళీ మరిగిస్తే విరిగే ప్రమాదం ఉంటుందని ముందే భయం.

ఆదివారం పొద్దున ఒకమ్మాయి వాళ్ళమ్మ ఫోన్ చేసి పాస్తాలో గుడ్డు ఉంటుందా అని అడిగారు, పిల్లకి పడదట. ప్యాకెట్ చూస్తే గోధుమ రవ్వ ఒక్కటే రాసి ఉంది. ఆ మాట చెప్పి, కేకు కూడా గుడ్డు లేనిదే తెచ్చాం. పిల్లల్ని పిలిచేటప్పుడు ఇది ముందే అడగాలని నాకు తట్టలేదు.

100 గ్రాముల పాస్తాకి లీటరు నీళ్ళు, లీటరుకి 10 గ్రాముల ఉప్పు. కిలోకి పది లీటర్లు కావాలి, అంత గిన్నె లేదు. బిర్యానీ చేసే పెద్ద గిన్నెలో అయిదు లీటర్ల చొప్పున రెండుసార్లు ఉడికించాను. నీళ్ళు మరగడానికే ఇరవై రెండు నిమిషాలు. ప్యాకెట్ మీద పదకొండు నిమిషాలని ఉంటే తొమ్మిదికే దింపేశాను, మిగతా రెండు నిమిషాలు సాస్‌లో మగ్గుతుంది కాబట్టి.

పిల్లలు ఒంటిగంటకి రావాలి. రెండున్నరకి వచ్చారు. అప్పటికి పాస్తా వార్చేసి ఉంది, అంటుకోకుండా చెంచాడు నూనె కలిపి ఉంచాను. అత్తయ్యగారు చెప్పిన మాట విని గంజి పారబోయలేదు, టీ ఫ్లాస్కులో పోసి ఉంచాను. ఆ గంటన్నరలో ఆ ఫ్లాస్కే నన్ను కాపాడింది. సాస్ వేడిచేసి, ఫ్లాస్కులోంచి గంజి పోసి, స్టవ్ కట్టేసి, క్రీమ్ రెండు ప్యాకెట్లు కిందటిసారిలాగే గరిటెలతో కలిపాను. పాస్తా అందులో వేస్తే మొదట బిగుసుకున్నట్టయింది. ఇంకో గ్లాసు గంజి పోయగానే మెత్తబడి, ప్రతి గొట్టానికీ సాస్ పట్టింది. కలిపాక పది నిమిషాల్లో పెట్టేయాలి. ఆలస్యమైతే పాస్తా సాస్‌ని పీల్చేసుకుని ముద్దవుతుంది, రెండోసారి వడ్డించేటప్పుడు నాకు మళ్ళీ గంజి అవసరమైంది.

ఆ రోజు సామాన్లు: టమాటాలు 100, క్రీమ్ 150, పాస్తా 240, చీజ్ 150. మొత్తం 640. నేర్చుకున్నదీ కలిపితే 1850, గ్యాస్ కాకుండా.

తొమ్మిది మంది హాల్లో చాప మీద గుండ్రంగా కూర్చుని తిన్నారు. ఎవరో ఒకమ్మాయి "ఆంటీ, ఇంకొంచెం" అంది, తర్వాత ఇంకో ఇద్దరు. మా పాప మధ్యలో కూర్చుని ఎవరికి ఏం కావాలో నాకు చెబుతోంది, పేరు పేరునా. అన్ని పేర్లు దాని నోట వినడం అదే మొదటిసారి. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు అక్కడే నిలబడి వచ్చాను.

సోమవారం నుంచి పాప బాక్సులో చెంచాలు రెండు పెట్టమంటోంది. క్రీమ్ కలపని టమాటా సాస్ ఒక గిన్నెడు మిగిలితే ఫ్రీజర్లో పెట్టాను. 17న, బుధవారం రాత్రి, అత్తయ్యగారు ఫ్రిజ్ మూస్తూ అడిగారు: "రేపు గురువారం కదా, వెల్లుల్లి లేకుండా అది వస్తుందా అమ్మాయ్?" మిరియాలు, చిటికెడు ఇంగువతో చేశాను. ఒక కప్పుడు తిన్నారు.